పుష్యంలో కల, వైశాఖంలో లెక్క: చిన్న కుటుంబ పొలాన్ని ముందు కాగితం మీద సాగు చేద్దాం

 

డిసెంబరు, జనవరి వచ్చిందంటే నాకు ఫోన్లు ఎక్కువవుతాయి. సార్వా కోతలు అయిపోయి ఉంటాయి, ఎండ మెత్తగా ఉంటుంది, బోరు పైపు నిండా పోస్తూ ఉంటుంది, గట్టు మీద పాదు చిక్కుడు గుత్తులుగా కాస్తూ ఉంటుంది. సంక్రాంతికి హైదరాబాదు నుంచో బెంగుళూరు నుంచో ఊరికొచ్చినవాళ్ళు ఆ పొలాన్ని చూసి, "అన్నా, నేను కూడా వచ్చేసి ఒక ఎకరంలో అన్నీ వేసేస్తా" అంటారు. వాళ్ళని చూసి నవ్వే హక్కు నాకు లేదు. నేనూ అలాంటి చలికాలంలోనే కల కన్నాను. కలలో తప్పేమీ లేదు, లెక్కే తప్పింది. ఆ లెక్క ఎక్కడ తప్పిందో, ఇప్పుడు ఎలా వేసుకుంటున్నామో ఈ పాఠంలో చెబుతాను. పైన వీడియోలో పొలంలో నడుస్తూ చూపించాను. కొలతలు, అంకెలు మాత్రం ఇక్కడ చదివి నోట్‌బుక్‌లో రాసుకుంటే బాగా ఉపయోగపడతాయి.

నా మొదటి చలికాలం

మాది ఏలూరు జిల్లా మెట్ట ప్రాంతం. ఎర్ర ఇసక నేల. చుట్టూ పామాయిల్ తోటలు, మొక్కజొన్న. కాలవ లేదు, బోరే ఆధారం. నేను వ్యవసాయ పాలిటెక్నిక్‌లో రెండేళ్ళ డిప్లొమా చేసి, కొన్నేళ్ళు పురుగుమందులు అమ్మే ఉద్యోగం చేశాను. అది మానేసి 2017 జనవరిలో ఇంటికొచ్చేశాను. నాన్న పేరు మీద ఉన్న ఎకరం 60 సెంట్లలో ప్రకృతి వ్యవసాయం చేస్తానని చెప్పాను.

ఆ పుష్యమాసం రాత్రుళ్ళు నేను గీసిన పటాలు ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి. అరటి, బొప్పాయి, మునగ, జామ, మధ్యలో కూరగాయలు, కింద దుంపలు. ఐదంతస్తుల పద్ధతి మొత్తం 160 సెంట్లలో ఒకేసారి. రంగు పెన్సిళ్ళతో గీశాను. పటం చాలా అందంగా ఉంది. ఫిబ్రవరిలో అంతా నాటేశాం. మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టి లక్షా ఇరవై వేలు తెచ్చాం.

మార్చి ఆఖరికి బోరు గ్యాపు ఇవ్వడం మొదలుపెట్టింది. ఏప్రిల్లో పదిహేను నిమిషాలు పోసి ఆగిపోయేది. మోటారు ఆపి, గంట ఆగి, మళ్ళీ వెయ్యాలి. రాత్రి రెండింటికి కూడా లేచి చూసేవాణ్ణి. చుట్టుపక్కల పామాయిల్ తోటలవాళ్ళందరూ అదే నెలల్లో బోర్లు ఆడిస్తారు. జనవరిలో పైపు నిండా పోసిన నీళ్ళు మేలో ఉండవని నేను ఆలోచించలేదు. మే నెలాఖరుకి అరటి మొత్తం, బొప్పాయి సగం పైన ఎండిపోయాయి. కూరగాయల సంగతి చెప్పక్కర్లేదు.

నాన్న ఒక్క మాట కూడా తిట్టలేదు. ఒక సాయంత్రం మాత్రం ఎండిన అరటి మొక్కలు నరుకుతూ, "నువ్వు పటం గీసేటప్పుడు నన్ను ఒక్కసారి అడగాల్సిందిరా. ఈ బోరు తవ్వించింది నేను కదా" అన్నాడు. డిప్లొమా చదివినవాణ్ణి నేను, అడగలేదు.

అప్పటినుంచి మా ఇంట్లో ఒక అలవాటు పెట్టుకున్నాం. కల పుష్యంలో కనాలి, లెక్క మాత్రం వైశాఖం ఎండకి వెయ్యాలి. పొలం ఎంత పెద్దగా ఉండాలో జనవరి చెప్పదు, మే నెల చెబుతుంది.

మొదటి కాగితం: వంటిల్లు

కుటుంబ పొలం అంటే ముందు మన ఇంటి కంచం నిండాలి. అందుకే పంటల జాబితా యూట్యూబ్ చూసి రాయకండి, వంటింట్లో కూర్చుని రాయండి. అమ్మ, భార్య, పిల్లలు అందరూ ఉండాలి. సంక్రాంతి సెలవుల్లో, కనుమ రోజు సాయంత్రం దీనికి మంచి సమయం. పశువుల పూజ అయిపోతుంది, ఇంట్లో అందరూ ఉంటారు.

నెలలో సంతనుంచి ఏమేం తెస్తున్నామో రాయండి. ఎన్ని కిలోల వంకాయ, బెండ, టమాటా, ఎన్ని కట్టల ఆకుకూర, ఎంత కందిపప్పు, మినప్పప్పు, పసుపు, మిరపకాయ, ఎన్ని కోడిగుడ్లు. ఒక్కోదాని పక్కన "వేస్తే పండుతుందా" అని నాన్నలాంటి పెద్దవాళ్ళని అడిగి టిక్కు పెట్టండి. మా జాబితాలో 31 రకాలు వచ్చాయి, 22 మన నేలలో పండేవే. నేను 2017లో వేసిన పటంలో మా ఇంట్లో ఎవరూ తినని రకాలు కూడా ఉన్నాయి, వీడియోలో అందంగా కనిపించాయని వేశాను. మా అమ్మ అడిగిన గోంగూర మాత్రం లేదు.

రెండో కాగితం: నీళ్ళు, డ్రమ్ము లెక్క

ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే. నిదానంగా చదవండి.

200 లీటర్ల డ్రమ్ము, సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంటే చాలు. మోటారు వేసి పది నిమిషాలు నీళ్ళు పోనివ్వండి. తర్వాత పైపు డ్రమ్ములో పెట్టి ఎన్ని సెకన్లకి నిండిందో చూడండి. గంట తర్వాత మళ్ళీ, మూడు గంటల తర్వాత మళ్ళీ కొలవండి. మొదట్లో బాగా పోసి తర్వాత తగ్గిపోయే బోర్లు చాలా ఉంటాయి. ఆఖరి కొలతే మీ అసలు కొలత.

మా బోరు లెక్క చెబుతాను. 2018 నుంచి నెలనెలా రాస్తున్నాం. జనవరిలో డ్రమ్ము 80 సెకన్లకి నిండుతుంది. అంటే నిమిషానికి 150 లీటర్లు, గంటకి 9,000 లీటర్లు. రోజుకి ఏడు గంటలు ఆడితే 63,000 లీటర్లు. మే నెలలో అదే డ్రమ్ము నిండడానికి 240 సెకన్లు పడుతుంది. అంటే నిమిషానికి 50 లీటర్లే. అదీ ఆగి ఆగి, మొత్తం కలిపి రోజుకి మూడు గంటలు పోస్తుంది. 3 గంటలు అంటే 180 నిమిషాలు, 180 సార్లు 50 అంటే 9,000 లీటర్లు. జనవరిలో ఉన్న నీళ్ళలో ఏడో వంతు!

ఇప్పుడు పంటకి ఎంత కావాలో చూద్దాం. ఒక సెంటు అంటే 435.6 చదరపు అడుగులు. ఒక సెంటు మీద ఒక మిల్లీమీటరు నీళ్ళు పరచడానికి సుమారు 40 లీటర్లు పడతాయి. ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకుంటే చాలు. మన ఎండలకి మే నెలలో కూరగాయలకి రోజుకి 6 మిల్లీమీటర్లు వేసుకుంటాను నేను. అంటే సెంటుకి రోజుకి 240 లీటర్లు. గడ్డితో బాగా ఆచ్ఛాదన చేస్తే ఇంకా తక్కువే పడుతుంది. కానీ లెక్క ఎప్పుడూ కష్టకాలానికే వెయ్యాలి.

9,000 లీటర్లలో పావు వంతు ఇంటి వాడకానికి, పశువులకి, కరెంటు పోయిన రోజులకి పక్కన పెట్టండి. మిగిలింది 6,750. చిన్న చెట్లు ఒక వంద ఉంటే, చెట్టుకి రోజుకి 15 లీటర్ల చొప్పున 1,500 తీసెయ్యండి. మిగిలింది 5,250. దాన్ని 240తో భాగిస్తే దాదాపు 22 సెంట్లు.

ఇదీ మా పొలం అసలు సైజు. వేసవిలో మా బోరు మొయ్యగలిగింది 22 సెంట్ల కూరగాయలు. నేను 2017లో వేసింది 160 సెంట్లు. 160 సార్లు 240 అంటే రోజుకి 38,400 లీటర్లు కావాలి, ఉన్నవి 9,000. ఈ లెక్కకి డిప్లొమా అక్కర్లేదు, ఐదో తరగతి పిల్లాడు కూడా వేస్తాడు. నేనే వెయ్యలేదు.

"మరి నా దగ్గర మే నెల కొలత లేదు కదా, ఇప్పుడు జనవరి కదా" అంటారా? మీ ప్రశ్న సరైనదే. పక్క పొలం రైతుని అడగండి, బోరు ఏ నెలలో గ్యాపు ఇస్తుందో ఆయనకి కచ్చితంగా తెలుసు. ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. అయినా సరే, మీ చేతి కొలత లేకుండా ఈ వేసవిలో కూరగాయలు, చెట్లు పెద్ద ఎత్తున వెయ్యకండి. మొదటి చలికాలం కల కనండి, మొదటి వేసవి డ్రమ్ము కొలవండి, నాట్లు తొలకరిలో వెయ్యండి. నాలుగైదు నెలలు ఆగితే పోయేదేమీ లేదు. కొత్త బోరు వేస్తే సరిపోతుందిలే అని మాత్రం అనుకోవద్దు. దానికి 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి, పైగా పక్కనే ఇంకో బోరు వేస్తే చాలాసార్లు ఒకే నీటిని ఇద్దరం లాగడమే అవుతుంది.

మూడో కాగితం: నీడ, వాలు, మట్టి

చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు జరిగి వెళతాడు కాబట్టి నీడలు ఉత్తరానికి పొడుగ్గా పడతాయి. మా ప్రాంతంలో డిసెంబరు చివర్లో మిట్టమధ్యాహ్నం కూడా 30 అడుగుల చెట్టు నీడ దాదాపు 25 అడుగులు ఉంటుంది. అదే చెట్టుకి మే మధ్యాహ్నం నీడ మొదట్లోనే ఉంటుంది. అందుకే పొలంలో ఏ మూలకి ఎండ తగలదో తెలుసుకోవడానికి ఈ నెలలే సరైనవి.

పొద్దున్న 9కి, 12కి, మధ్యాహ్నం 3కి నీడ అంచుల్లో వెదురు పుల్లలు గుచ్చండి. వీడియోలో మా నాన్న గుచ్చుతున్నది అదే. మాకు దక్షిణం గట్టున పక్కవాళ్ళ పామాయిల్ చెట్లు ఉన్నాయి. ఆ నీడలో టమాటా పూత నిలబడేది కాదు. నేనేమో మట్టిని అనుమానించి ఘనజీవామృతం పోస్తూ ఉండేవాణ్ణి. పుల్లలు గుచ్చాక తెలిసింది, లోపం మట్టిలో లేదు, ఎండ లేకపోవడమే. ఇప్పుడు అక్కడ పసుపు, అల్లం, కంద వేస్తున్నాం. వాటికి కొంచెం నీడ ఉన్నా ఇబ్బంది లేదు.

మనం వేసే ఎత్తు చెట్లు ఉత్తరం వైపు, పడమర వైపు పెట్టుకోవాలి. ఉత్తరాన ఉంటే చలికాలంలో నీడ మన మళ్ళ మీద పడదు. ఆ నీడ పక్కవాళ్ళ పొలంలో పడుతుంది కాబట్టి గట్టుకి తగినంత దూరం వదలండి, వాళ్ళకి ముందే చెప్పండి. పడమర ఉంటే మే నెల వడగాడ్పుని, సాయంత్రం ఎండని ఆపుతాయి.

వాలు సంగతి నేలని చూసి కాదు, మనుషుల్ని అడిగి తెలుసుకోండి. అక్టోబరు తుఫాను వానకి నీళ్ళు ఎక్కడ నిలబడ్డాయి, ఎటు కోసుకుపోయాయి అనేది నాన్నకి బాగా గుర్తుంటుంది. పటంలో ఆ చోటు నీలం రంగు వెయ్యండి. అక్కడ వేర్లు కుళ్ళే మొక్కలు పెట్టొద్దు, ముఖ్యంగా బొప్పాయి అస్సలు వద్దు.

మట్టి నమూనా కూడా ఇప్పుడే తియ్యండి. పొలంలో ఎనిమిది పది చోట్ల ఆరంగుళాల లోతు "వి" ఆకారంలో గుంట తీసి, పక్క నుంచి పొరగా మట్టి చెక్కి, అన్నీ కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలోకి తగ్గించి నీడన ఆరబెట్టండి. గట్ల పక్క, పేడ కుప్పల దగ్గర తియ్యకూడదు. దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ భూసార పరీక్ష కేంద్రంలో గానీ ఇవ్వండి. రిపోర్టులో ముందు సేంద్రియ కర్బనం చూడండి. 0.5 శాతం కంటే తక్కువ ఉంటే తక్కువ కిందే లెక్క. మాది మొదట్లో 0.32. అది పెరగడానికి ఏళ్ళు పడుతుంది, కాబట్టి ఆ కాగితం దాచుకోండి. మూడేళ్ళ తర్వాత పక్కన పెట్టి చూసుకోవడానికి అదే సాక్ష్యం.

నాలుగో కాగితం: చేతులు

నా 2017 పటం వెనకాల ఖర్చుల పట్టీ ఉంది. అందులో ఒక గీత ఇలా రాశాను: "కూలి: కుటుంబం, ఖర్చు 0."

ఆ సున్నా ఎవరో తెలుసా అండి? మా ఆవిడ. అప్పటికి మా పాపకి ఏడాదిన్నర. పొద్దున్నే వంట, పాప, అమ్మకి మందులు, గేదె పాలు, ఆ తర్వాత నా 160 సెంట్లలో కలుపు. ఆ ఏడాది తను ఎన్నిసార్లు జ్వరంతో పొలానికి వచ్చిందో నేను లెక్కపెట్టలేదు. గాజులు తాకట్టు పెట్టినప్పుడు కూడా మాట్లాడలేదు గానీ, ఈ పట్టీ చూసినప్పుడు మాత్రం, "నా పని సున్నానా?" అని అడిగింది. దానికి నా దగ్గర సమాధానం లేదు.

పొలం నష్టపోతే మళ్ళీ వేసుకోవచ్చు. ఇంట్లో మనిషి విసిగిపోతే కుటుంబ పొలంలో కుటుంబం అనే మాటే మిగలదు. అందుకే గంటలు రాయండి. మా డైరీ ప్రకారం ఇప్పుడు ఇలా పడుతుంది:

- 12 సెంట్ల కూరగాయలు (కలుపు, నీళ్ళు, ఆచ్ఛాదన, విత్తడం): వారానికి 18 గంటలు
- కోత, కట్టలు కట్టడం, అమ్మకం, వారానికి రెండు రోజులు: 10 గంటలు
- ద్రావణాలు, నారు, కంపోస్టు: 4 గంటలు
- ఆవు ఉంటే: 10 గంటలు

ఆవు కాకుండా 32 గంటలు. ఇవి మా చేతి వేగం, మీకు ఎక్కువో తక్కువో పడొచ్చు. ఇప్పుడు ఇంట్లో ఒక్కొక్కరిని అడగండి, "నువ్వు వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలవు?" అని. వాళ్ళ బదులు మీరు రాయకండి. మా ఆవిడ 8 గంటలు అంది, 8 రాశాం. నాన్న 10, నేను మిగతాది. ఎనిమిది దాటితే కూలి మనిషిని పెట్టుకోవాలి లేదా మళ్ళు తగ్గించాలి. అంతేగానీ తన గంటలు పెంచడం లేదు.

ఇక ఆవు సంగతి. "ప్రకృతి వ్యవసాయం అంటే ముందు దేశీ ఆవు కొనాలి కదా" అని చాలామంది మొదటి డబ్బు అక్కడ పెడతారు. లెక్క చూడండి. ఎకరానికి ఒకసారికి 200 లీటర్ల జీవామృతం. దానికి 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. 20 సెంట్లంటే అందులో ఐదో వంతు, అంటే 40 లీటర్లు. 2 కిలోల పేడ, లీటరు నుంచి 2 లీటర్ల మూత్రం, 400 గ్రాముల బెల్లం, 400 గ్రాముల పిండి, చిటికెడు మట్టి సరిపోతాయి. పదిహేను రోజులకి రెండు కిలోల పేడ పక్కింటి ఆవు ఇవ్వలేదా? మొదటి ఏడాది అడిగి తెచ్చుకోండి, బదులుగా తోటకూర కట్టలు ఇవ్వండి. రెండో ఏడాదికి మేత సొంతంగా పండాక ఆవు గురించి ఆలోచిద్దాం. చలికాలంలో జీవామృతం పులవడం కాస్త నెమ్మదిగా ఉంటుంది కాబట్టి డ్రమ్ముని చలిగాలి తగలని చోట, గోనెసంచి కప్పి నీడన పెట్టండి.

ఐదో కాగితం: డబ్బు

ఇది పొట్టిగా చెప్పేస్తా. ఉద్యోగం మానేసి వచ్చేవాళ్ళు ఏడాది ఇంటి ఖర్చు విడిగా బ్యాంకులో ఉంచుకుని రండి. ఆ డబ్బుని పొలం కోసం ముట్టుకోకూడదు. బంగారం తాకట్టు పెట్టి మొదటి పంట వెయ్యకండి. డ్రిప్పుకి సబ్సిడీ వస్తుందేమో రైతు సేవా కేంద్రంలో ముందే అడగండి.

2017లో మేం పెట్టింది మొత్తం 1,90,000. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు 20 సెంట్లకి మాకైంది 25,000. డ్రిప్పు పైపులు, రెండు డ్రమ్ములు, పనిముట్లు, కంచె పని కలిపి. ఆ ఏడాది ఇంటి కూరగాయల ఖర్చు నెలకి సుమారు 2,500 మిగిలింది, పైన అమ్మినవి నెలకి సగటున 4,000 వచ్చాయి. ఎకరానికి లక్షలు అని చెప్పే వీడియోల పక్కన ఇది చిన్నగా కనిపిస్తుంది, నాకు తెలుసు. కానీ ఆ డబ్బుకి అప్పు లేదు, రాత్రి రెండింటికి లేచే పని లేదు. గాజులు 2020లో ఇంటికొచ్చాయి.

20 సెంట్ల పటం

20 సెంట్లంటే 8,712 చదరపు అడుగులు. తూర్పు పడమరలు 88 అడుగులు, ఉత్తర దక్షిణాలు 99 అడుగులు అనుకోండి. మేము ఇలా పంచుకున్నాం:

- దక్షిణం వైపు 20 అడుగులు (సుమారు 4 సెంట్లు), నీడ ఉన్న చోటు: డ్రమ్ములు, కంపోస్టు, పసుపు, అల్లం, కంద.
- మధ్యలో 60 అడుగులు (సుమారు 12 సెంట్లు), పూర్తి ఎండ: కూరగాయలు. మూడడుగుల బెడ్డు, ఒక అడుగు దారి. దీన్ని 2 సెంట్ల చొప్పున ఆరు మళ్ళు చేసి, పదిహేను రోజులకొక మడి విత్తుతాం. అప్పుడు అన్నీ ఒకేసారి కాసి పారబొయ్యాల్సిన పని ఉండదు.
- ఉత్తరం వైపు 19 అడుగులు (సుమారు 4 సెంట్లు): మునగ, కరివేపాకు, జామ, నిమ్మ, కొన్ని అరటి, బొప్పాయి.
- పడమర కంచె వెంట ఒక వరుస గిరిపుష్పం, మధ్యమధ్య అవిశ. గాలికి అడ్డు, ఆకు ఎరువుకి కొమ్మలు రెండూ దొరుకుతాయి.

మిగతా 140 సెంట్లు ఏం చేశారు అంటారా? ఖాళీగా వదల్లేదు. వానాకాలంలో కంది, అలసంద, జొన్న వంటి వర్షాధార పంటలు వేస్తాం, వేసవిలో నవధాన్యాలు. వాటికి బోరు అడగం.

ఏ నెలలో ఏమిటి

జనవరి, ఫిబ్రవరి: ఐదు కాగితాలు పూర్తి చెయ్యాలి. నీడ పుల్లలు, మట్టి నమూనా, మొదటి డ్రమ్ము కొలత. వరిగడ్డి, కంది కట్టె, మినప పొట్టు దొరికినంత పోగు వేసుకోండి. ఇప్పుడు కళ్ళాల దగ్గర చవగ్గా, ఒక్కోసారి ఉచితంగా దొరుకుతాయి, మేలో దొరకవు. ఎవరైనా గడ్డి తగలబెడుతుంటే వెళ్ళి అడిగి తెచ్చుకోండి.

విత్తనాలు కూడా ఇప్పుడే. చిక్కుడు, బీర, సొర, గోంగూర, బెండ, మీ ఊళ్ళో, చుట్టాల ఇళ్ళల్లో ఏళ్ళ తరబడి వేస్తున్న రకాలు అడగండి. సంక్రాంతికి వచ్చే చుట్టాల చేత తెప్పించండి. బాగా కాసిన తీగ నుంచి, తెగులు లేని కాయనే విత్తనానికి వదలండి. ఆరబెట్టి బూడిద కలిపి సీసాలో పెట్టి, మీద పేరు, తేదీ, ఎవరింటి విత్తనమో రాయండి. మా సొర విత్తనం మా అమ్మ పుట్టింటిది.

మార్చి నుంచి మే: నెలకి రెండుసార్లు డ్రమ్ము కొలత. ఘనజీవామృతం తయారుచేసి నీడన ఆరబెట్టుకోవాలి, 20 సెంట్లకి మేము 80 కిలోలు వేస్తాం. మే నెలలో వానలకి ముందు పొడి దుక్కిలో నవధాన్యాల విత్తనాలు బీజామృతం, బంకమట్టి, బూడిదతో గుళికలు కట్టి చల్లి, పైన గడ్డి కప్పుతాం. 20 సెంట్లకి 3 కిలోలు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ సిబ్బంది పీఎండీఎస్ అని చెప్పేది ఇదే. మీ ఊళ్ళో ప్రకృతి వ్యవసాయ కార్యకర్త ఉంటే అడగండి, దగ్గరుండి చేయిస్తారు.

జూన్, జులై: నవధాన్యాలు కోసి అక్కడే పరిచి, చెట్లు, గిరిపుష్పం కొమ్మలు నాటండి. వాన తోడుంటుంది. మొదట రెండు మళ్ళే విత్తండి, తర్వాత ఒక్కోటి పెంచండి.

అక్టోబరు నుంచి: ఆరు మళ్ళూ నడుస్తాయి. అప్పుడే అమ్మకం. ముందు మీ వీధి, మీ పిల్లల బడి టీచర్లు, పట్నంలో మీ చుట్టాలు ఇలా పదిహేను ఇరవై ఇళ్ళు చాలు. సర్టిఫికెట్ కావాలంటే కనీసం ఐదుగురు రైతులు కలిసి పీజీఎస్ గ్రూపు పెట్టుకోవచ్చు. మొదటి ఏడాదే దాని కోసం పరిగెత్తక్కర్లేదు, డైరీ మాత్రం మొదటి రోజు నుంచే రాయండి, అప్పుడు పనికొస్తుంది.

ఈ చలికాలం మా ఇంట్లో

ఇప్పుడు మేము ఇంకో 10 సెంట్లు పెంచాలా వద్దా అని మాట్లాడుకుంటున్నాం. ఆచ్ఛాదన ఆరేళ్ళుగా వేస్తున్నాం కాబట్టి మళ్ళకి నీళ్ళు తక్కువే పడుతున్నాయి. కానీ పోయిన మే నెలలో డ్రమ్ము 255 సెకన్లు తీసుకుంది. బోరు ఇంకొంచెం కిందికి పోతోంది. నాన్న వద్దంటున్నాడు, వాన నీటికి గుంట తవ్వి బోరు పక్కకి మళ్ళిద్దాం, అది అయ్యాక చూద్దాం అంటున్నాడు. ఈసారి నాన్న మాటే రాసుకున్నాం. మా పాప ఇప్పుడు ఐదో తరగతి దాటింది. పటానికి రంగులు తను వేస్తోంది. నీడ చోట ముదురాకుపచ్చ, నీళ్ళు నిలిచే చోట నీలం, వాళ్ళమ్మ గంటలు ఎర్ర పెన్నుతో.

మీరు చెయ్యాల్సింది ఒక్కటే పని ఇవాళ. రేపు పొద్దున్న డ్రమ్ము తీసుకుని బోరు దగ్గరికి వెళ్ళండి. ఎన్ని సెకన్లకి నిండిందో తేదీతో సహా స్టార్టర్ పెట్టె మూత లోపల రాసి పెట్టండి. మే 15న మళ్ళీ కొలిచి కింద రాయండి. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుని మీ పటం సైజు మీరే తేల్చుకోండి. ఆ రోజు మా బోరు కొలత కూడా వీడియోలో చూపిస్తాను.